తలుపు సగమే తెరుచుకుంది

బ్యాంకు వాళ్ళకి ఆ మీట
ఇంకాస్త నీలంగా కావాలిట.
ఎంత నీలం అని అడిగితే
"నమ్మకం కలిగేంత" అన్నారు.

శుక్రవారం నాలుగు నీలాలు పంపాను.
శనివారం తిబిలిసిలో ఎండ కాసింది.
కంప్యూటర్ మూత వేసి
ఎండిన వంతెన సంతకి నడిచాను.
దుప్పట్ల మీద ఒక దేశం ఇంకా అమ్ముడుపోకుండా ఉంది:
పతకాలు, పళ్ళూడిన దువ్వెనలు,
ఎవరి పెళ్ళివో వెండి చెంచాలు,
ఒక్క చెవికే పలికే హెడ్‌ఫోన్లు.

ఓతియా తాత ముందు చేపల డబ్బాలో సీసపు అక్షరాలు.
అచ్చాఫీసు మూసిన రోజు
జీతానికి బదులు ఇచ్చారట.
మా భాషకి ముప్పై మూడు ఉండాలి,
ముప్పై రెండే తేలాయి.
"పోయింది 'ఝ'. ఎక్కువ మాటల్లో రాదు,
ఎవరూ వెతకరు కదా, అదే ముందు పోతుంది."
ఒకటి తీసి అరచేతిలో ఒత్తుకున్నాను.
లోహం మీద తిరగబడి ఉన్నది
చర్మం మీద తిన్నగా పడింది.
పదకొండేళ్ళుగా అక్షరాల మధ్య ఎడం సర్దుతున్నాను,
వాటికి బరువుంటుందని ఎవరూ చెప్పలేదు.

క్యాసెట్టు ఊరికే ఇచ్చాడు. పైన పేరు లేదు.
భోజనాల బల్ల దగ్గర ముగ్గురు పాడుతున్నారు.
మధ్యలో మూడో ఆయనకి దగ్గొస్తుంది.
పాట ఆగదు.
మిగతా ఇద్దరూ ఆయన చోటు
అలాగే వదిలి పాడతారు,
లేచి వెళ్ళినవాడి కుర్చీ
ఎవరూ లాక్కోనట్టు.
గ్లాసు చప్పుడు. ఆయన తిరిగొస్తాడు,
సరిగ్గా తన మెట్టు మీదకే.
పక్క సీటు బద్రి విని అన్నాడు,
ఒక్క నొక్కుతో ఆ దగ్గు తీసెయ్యొచ్చని.
రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

డబ్బా అడుగున నోటుపుస్తకం.
లిఫ్టులు బాగుచేసే మనిషిది, పేరు తడిసి చెరిగిపోయింది.
చిల్లర వేస్తే గాని కదలని లిఫ్టులు మావి.
ఇరవై తేత్రీలు లేక
రెండు సంచులతో ఎనిమిదో అంతస్తు ఎక్కినవాళ్ళని అడగండి
టెక్నాలజీ అంటే ఏమిటో.

"ఐదు. తీగ తెగింది. కట్టాను."
"తొమ్మిది. చిల్లర పెట్టెలో గుండీ. కోటు గుండీ, మంచిదే."
"మూడుకీ నాలుగుకీ మధ్య. తలుపు సగమే తెరుచుకుంది.
లోపల పెద్దావిడ. తప్పు మీది కాదన్నాను, నమ్మలేదు.
బయటికొచ్చేదాకా వాన గురించి మాట్లాడాను."
"ఇవాళ ఏదీ చెడలేదు. ఏం రాయాలో తెలీలేదు."

మా పనిలో దీన్ని లాగ్ అంటారు.
మేం రాసేవి యంత్రానికి ఏమైందో చెబుతాయి.
లోపలున్న మనిషి సంగతి ఒక్క వరుసలోనూ ఉండదు.

సోమవారం ఆ పుస్తకం అట్ట రంగు కొలిచాను:
చేతుల చెమటకి వెలిసి,
మూలల్లో నూనె పీల్చిన నీలం.
బ్యాంకుకి పంపితే
"ఇదే! మొదట్నుంచీ ఇదే కదా అడుగుతున్నాం" అన్నారు.
పనిలో పనిగా
పేజీ తెరుచుకోనప్పుడు కనపడే వాక్యం
ఎవర్నీ అడక్కుండా మార్చేశాను:
తలుపు సగమే తెరుచుకుంది.
తప్పు మీది కాదు.
ఉండండి, వస్తున్నాం.

మూడు వారాలు ఎవరి కంటా పడలేదు.
నిన్న రుస్తవి నుంచి ఒకావిడ
బ్యాంకుకి ఫోను చేసిందట,
కోపంగా కాదు,
"వస్తున్నామన్నారు కదా,
టీ ఇప్పుడే పెట్టనా,
మీరొచ్చాక పెట్టనా?" అని.

వాక్యం తీసెయ్యమన్నారు, తీసేశాను.
నీలం ఉంచారు.
ఆవిడ నంబరు నా దగ్గరుంది.